తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉన్నా బిడ్డకు తలసేమియా ఎలా వస్తుంది?

ప్రశ్న:
మా అక్క కుమారుడికి ఏడాది నిండకముందే బీటా తలసేమియా మేజర్ (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాక తీవ్ర రక్తహీనత వచ్చే జబ్బు) అని తేలింది. అక్క, బావ ఇద్దరూ ఆరోగ్యవంతులే. రెండు వైపులా ఈ జబ్బు ఎవరికీ లేదు. అయినా లోపం తల్లి నుంచే వచ్చిందని బంధువులు అక్కను నిందిస్తున్నారు. పైగా, నలుగురిలో ఒకరికే వస్తుందని డాక్టరు చెప్పారు కనుక ఇకపై పుట్టే ముగ్గురికీ భయం లేదంటున్నారు. ఇందులో నిజమెంత? నాకు కూడా పరీక్ష అవసరమా?

జవాబు 1:
ఆ నింద పూర్తిగా అన్యాయమండి. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేయించే జన్యువు 11వ క్రోమోజోముపై ఉంటుంది. దాని ప్రతులు ప్రతి మనిషిలోనూ రెండు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక ప్రతి దెబ్బతిన్నా రెండోది పని నెట్టుకొస్తుంది కాబట్టి అలాంటి వాహకులు తమలో లోపం ఉన్న సంగతే తెలియకుండా జీవితమంతా గడిపేస్తారు, తరతరాలుగా అది బయటపడకుండా దిగివచ్చేదీ ఇలాగే. బిడ్డకు మేజర్ రావాలంటే రెండు ప్రతులూ దెబ్బతిని ఉండాలి. అంటే ఇందులో మీ బావగారి వాటా మీ అక్కగారి వాటాతో సమానం.

ముగ్గురికీ భయం లేదన్న మాటను దయచేసి ఎవరూ నమ్మవద్దు. ముందు పుట్టిన బిడ్డకు ఏ ప్రతులు వెళ్లాయో తర్వాతి అండానికీ శుక్రకణానికీ తెలియదు. ప్రతి గర్భంలోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకులయ్యే అవకాశం 50 శాతం, ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం.

జవాబు 2:
ఈ లెక్కను అన్ని జన్యు వ్యాధులకూ వర్తింపజేయకూడదు. మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే హంటింగ్టన్ వ్యాధికి ఒక్క ప్రతిలో లోపం చాలు, కాబట్టి తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం ఉంటుంది. రక్తం సరిగా గడ్డకట్టని జబ్బయిన హిమోఫీలియా జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నందున, జబ్బున్న తండ్రి నుంచి కొడుకులకు రాదు, కూతుళ్లందరూ మాత్రం వాహకులవుతారు.

జవాబు 3:
మీరు తప్పక పరీక్ష చేయించుకోండి. అక్కగారు వాహకురాలైతే మీరూ వాహకులయ్యే అవకాశం కనీసం సగం ఉంటుంది. మామూలు రక్తపరీక్షలో వాహకుల ఎర్రకణాలు చిన్నవిగా కనిపిస్తే ఐరన్ లోపమని పొరబడి మాత్రలు ఇవ్వడం తరచుగా జరుగుతుంది. అందుకే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్షలు) అడగండి. అందులో హిమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే సాధారణంగా వాహకులుగా భావిస్తారు, అయితే ఐరన్ లోపం ఈ అంకెను తగ్గించి చూపవచ్చు కనుక ఐరన్ స్థాయిని కూడా దీంతో కలిపి చూడాలి. అక్కగారు మళ్లీ గర్భం దాల్చక ముందే దంపతులిద్దరి జన్యుమార్పులనూ గుర్తించి ఉంచితే, 10 నుంచి 13 వారాల మధ్య మాయ (ప్లాసెంటా) నుంచి కొద్దిపాటి కణజాలం తీసి బిడ్డ స్థితి తెలుసుకోవచ్చు. మీరు వాహకులని తేలితే, పిల్లల గురించి ఆలోచించే ముందు మీ జీవిత భాగస్వామికీ ఇదే పరీక్ష చేయించండి.