స్టాండ్ ఆన్ మనమైతే ఎప్పటిదాకా ఆగాలి? (ఓడల రూల్ 17 సందేహం)

ప్రశ్న: అన్నలకు నమస్తే. తిరుపతిలో ఇంట్లో ఉండి సెకండ్ మేట్ (ఓడ ఆఫీసరు) ఓరల్స్‌కి, అంటే నోటి పరీక్షకి, చదువుతున్నా, ఒకచోట బుర్ర ఆగిపోయింది. పోర్ట్ (ఎడమ) వైపు నుంచి ఓడ అడ్డంగా వస్తోంది, దాని ఆకుపచ్చ లైటు కనిపిస్తోంది, అంటే తప్పుకోవాల్సింది వాళ్లు. మనం స్టాండ్ ఆన్, అంటే కోర్సు (పోయే దిక్కు), స్పీడు మార్చకూడదు. మరి వాళ్లు కదలకపోతే? రైటు మనదే కదా. మా నాన్న బస్సు డ్రైవరు, "గుద్దినాక రైటు ఎవరిదైతే ఏంరా" అంటాడు.

జవాబు: మీ నాన్నగారు ఓరల్స్ పాస్ తమ్ముడూ! "రైటు మనది" అని మాత్రం ఎగ్జామినర్ ముందు అనకు. ఓడలు గుద్దుకోకుండా పెట్టిన 1972 కొలిషన్ రూల్స్ స్టాండ్ ఆన్ ఓడకు ఇచ్చింది హక్కు కాదు, డ్యూటీ. ముందు కంపాస్ బేరింగ్, అంటే ఆ ఓడ ఏ దిక్కున ఉందో డిగ్రీల్లో, తీసుకో. 312, మూడు నిమిషాలాగి 312, మళ్లీ 311, దాదాపు మారట్లేదు, దూరమేమో తగ్గుతోంది. అంటే గుద్దుకునే దారిలోనే ఉన్నారు, అనుమానమున్నా ఉన్నట్టే లెక్క. కెప్టెన్‌ని లేపు, తిడతాడని చూడకు. విజిల్ గబగబా ఐదు చిన్న కూతలు, దాంతోపాటు లైటు కూడా కొట్టు. అయినా కదల్లేదని తెలిశాక రూల్ 17 నువ్వే తప్పుకోవచ్చంటుంది. ఇంకా దగ్గరైపోయి అవతలివాడొక్కడు తిరిగితే సరిపోని పరిస్థితి వస్తే మాత్రం "వచ్చు" కాదు, తప్పుకొని తీరాలి.

తిరిగేటప్పుడు వీలున్నంతవరకు పోర్ట్‌కి తిరగొద్దు. వాడు ఆఖరి నిమిషంలో మేలుకుంటే నీ వెనకనుంచి పోదామని స్టార్‌బోర్డ్‌కి (కుడికి) తిప్పుతాడు, నువ్వు సరిగ్గా వాడి మీదికే పోతావు. 1956లో ఆండ్రియా డోరియా అనే ఓడ పోర్ట్‌కి, స్టాక్‌హోమ్ అనే ఓడ స్టార్‌బోర్డ్‌కి తిరిగి గుద్దుకున్నాయి. అది దాదాపు ఎదురెదురు కేసనుకో, కానీ రెండింట్లోనూ రాడార్ ఉంది, 51 మంది పోయారు. వీహెచ్ఎఫ్ రేడియోలో బతిమాలుతూ కూర్చోకు, పలికేది ఆ ఓడేనో కాదో తెలీదు.

ప్రశ్న: ఎన్ని మైళ్ల దగ్గర తిరగాలన్నా?

జవాబు: రూల్‌లో మైళ్లు లేవు, వెతక్కు. నిండా లోడున్న ట్యాంకరూ తీరం వెంట తిరిగే చిన్న కోస్టరూ ఒకేలా తిరగవు కదా. మీ ఓడ ఎంత స్పీడులో ఎంత జాగా తీసుకుంటుందో బ్రిడ్జిలో అంటించిన షీటు చూసి పెట్టుకో. తిరిగేటప్పుడు ఐదైదు డిగ్రీలు గీకకుండా, అవతలివాడికి లైటు మారినట్టు కనపడేలా ఒక్కసారి గట్టిగా తిప్పు.

ఇంకొకరు (వాకాడు వైపు నుంచి): వల వేసిన బోటు ఎదురైతే ఈ లెక్కంతా పక్కన పెట్టు తమ్ముడూ. అది ఏ వైపున్నా తప్పుకోవాల్సింది మీరే. పైన ఎర్రలైటు, కింద తెల్లలైటు ఉండాలి, వల ఈడ్చుకుపోయే ట్రాలరైతే పైన ఆకుపచ్చ. ఉండాలి అంటున్నా, మావాళ్లలో కొందరు పెద్ద ఓడ మీదికొచ్చేదాకా చీకట్లోనే ఉండి అప్పుడు టార్చ్ ఊపుతారు. అందుకని రాడార్ ముందే కూర్చోకుండా బయటికొచ్చి కళ్లతో చూడండి.