లాన్ మోవర్‌లో (గడ్డి కోసే మెషీన్‌లో) పాత పెట్రోల్ ఎలా తీయాలి?

మిషిగన్‌లో ఇల్లు కొన్నాం, పాత ఓనర్లు గరాజ్‌లో వదిలేసి వెళ్లిన లాన్ మోవర్ ఎంత తాడు లాగినా స్టార్ట్ అవట్లేదండీ. ట్యాంక్ మూత తీస్తే వార్నిష్ వాసన, పెట్రోల్ ముదురు రంగులోకి తిరిగింది. ఇక్కడి పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీల్చుకుంటుంది కాబట్టి అడుగున నీళ్లు కూడా చేరి ఉండొచ్చు. చేతిపంపుతో ట్యాంక్ ఖాళీ చేస్తే చాలా, లేక కార్బురేటర్ కింద గిన్నె బోల్ట్ కూడా విప్పాలా? పక్కకి వంచి పారబోసేయమంటాడు పక్కింటాయన, ఎయిర్ ఫిల్టర్ వైపు వంగితే ఆయిల్ అందులోకి దిగదూ! స్పార్క్ ప్లగ్ వైరు అయితే పీకేశాను. తీసిన పెట్రోల్‌ని కౌంటీ వాళ్లు ప్రమాదకర చెత్త తీసుకునే రోజు దాకా ఎర్ర క్యాన్‌లో ఉంచొచ్చా? గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది, సిటీ నోటీసు అంటించేలోపు ఎవరైనా చెప్పండి.