వంగిన లోయర్ లింకును ఇంట్లోనే సరిచేసుకోవచ్చునా?

ఎర్రనేల రైతు:
అనంతపురం జిల్లాలో మాది బండలున్న ఎర్రనేల. నిన్న దున్నుతుండగా 9 కాళ్ల కల్టివేటర్ మట్టిలో దాగిన బండకు తగిలి రెండు కాళ్లు పక్కకు ఒరిగాయి. ట్రాక్టరు వెనుక పనిముట్టును తగిలించే రెండు కింది ఇనుప చేతుల్లో కుడివైపుది, అంటే లోయర్ లింకు, కూడా విల్లులా వంగింది. ఆ చివర నుండి ఈ చివరకు దారం పట్టి చూస్తే నడుమ రెండు వేళ్ల ఎడం కనిపిస్తోంది. వేరుశనగ విత్తడానికి నేల పదును మరో మూడు రోజులకు మించి ఆగదు. ఇంట్లో 10 టన్నుల జాకీ, గొలుసులు, గ్యాస్ కటింగ్ సెట్టు ఉన్నాయి. నేనే సరిచేసుకోవచ్చునా?

కొలిమి వాకిలి:
నిస్సందేహంగా చేసుకోవచ్చు. లింకు రెండు చివరలను మందపాటి ఇనుప చానల్‌కు (దూలానికి) గొలుసుతో బిగించి, నడుమ జాకీ పెట్టి మెల్లగా నొక్కండి. జాకీ వదలగానే ఇనుము కొంత వెనక్కి వస్తుంది కనుక, సూటి గీతను కాస్త దాటించి నొక్కాలి. లొంగకపోతే వంపు వెలుపలి వైపు ముదురు ఎరుపు వచ్చేవరకు కాల్చి మళ్లీ నొక్కండి. ఆపైన తడిగోనె కప్పితే గంటలో పని ముగుస్తుంది. మా ఇంట్లో మూడు తరాలుగా కొలిమి ఉంది. వంగిన ప్రతిదానికీ షాపుకు పరుగెత్తే అలవాటు మాకు లేదు.

దమ్ము చక్రం:
మా డెల్టాలో దమ్ము చక్రాల (బురద దున్నేటప్పుడు ట్రాక్టరుకు తగిలించే ఇనుప చక్రాల) పట్టీలను ఏటా ఇంట్లోనే సమ్మెటతో సరిచేసుకుంటున్నాము, ఏ ఇబ్బందీ రాలేదు.

వర్క్‌షాపు మాస్టారు:
కొలిమి వాకిలి గారు వేర్వేరు ఇనుములను ఒకే గాటన కట్టారు. దమ్ము చక్రం పట్టీ, కల్టివేటర్ ఫ్రేము మామూలు మెత్తని ఉక్కు, వాటిని చల్లగానైనా వేడిగానైనా వంచవచ్చు. కల్టివేటర్ కాలు అంతకంటె కార్బన్ ఎక్కువగా ఉండే ఉక్కు. దానిని బాగా ఎర్రగా కాల్చి తడిగోనె కప్పితే ఆ చోట గాజులా పెళుసుబారుతుంది, తరువాతి బండకు వంగదు, విరుగుతుంది. మట్టిని తిరగేసి పొడిచేసే రోటావేటర్ బ్లేడ్లు బోరాన్ కలిపిన ఉక్కువి, కాల్చి చల్లార్చి వాటికి పదును (గట్టితనం) ఎక్కిస్తారు. వాటిని మళ్లీ కాల్చితే ఆ పదును దిగిపోయి త్వరగా అరుగుతాయి. ఇక లోయర్ లింకు సంగతి వేరు, పనిముట్టు బరువునూ లాగుడునూ మోసేది అదే. అది ఒకసారి వంగిందంటే లోపల ఎక్కడ బీట వారిందో కంటికి కనబడదు.

మరొక మాట. మిట్టమధ్యాహ్నం ఎండలో ముదురు ఎరుపు కంటికి ఆనదు. ఎరుపు రాలేదనుకుని కాల్చుతూనే పోతే ఉక్కు చెడుతుంది. ఆ పని నీడలోనో సందెవేళనో చేయాలి.

కొలిమి వాకిలి:
నీళ్లు పోయమని నేను ఎక్కడ రాశాను? తడిగోనె వేరు, నీళ్ల తొట్టి వేరు. మా తాతగారు నాగలి కర్రుకు పదును పెట్టేటప్పుడు కొసను మాత్రమే నీటిలో ముంచి, రంగు తిరగడం చూసి తీసేవారు. పదును సంగతి మాకు నేర్పనవసరం లేదు.

వర్క్‌షాపు మాస్టారు:
కర్రు కొస నేలను కోయాలి కనుక గట్టిగా ఉండాలి, కల్టివేటర్ కాలు దెబ్బను ఓర్చుకోవాలి కనుక గట్టితనం కంటె సాగే గుణం ముఖ్యం. తడిగోనె అయినా నీరే. గాలికి వదిలేయండి, లేదా పొడి బూడిదలో కప్పండి. ఉక్కు నీలం రంగు తిరిగే వేడిలో, అంటే సుమారు 300 డిగ్రీల దగ్గర, సమ్మెట దెబ్బ వేయకూడదని కూడా మీరు చెప్పలేదు.

కొలిమి వాకిలి:
గోనె గురించి ఇంత చెప్పారు కనుక నా అనుభవమూ వినండి. దమ్ము కాలంలో ఒక వర్క్‌షాపు వారు నా ట్రాక్టరును 11 రోజులు నిలిపివేశారు. వంగినది ఒక లింకే అయినా రెండూ మార్చి బిల్లు వేశారు. మీరు "షాపు" అని తేలికగా అంటారు, ఆ 11 రోజుల్లో నా నారు ముదిరిపోయింది. దానికి ఎవరు జవాబు చెబుతారు?

వర్క్‌షాపు మాస్టారు:
మీకు జరిగింది అన్యాయమే. అంతమాత్రాన బీట వారిన లింకు మంచిదైపోదు.

జీతపు డ్రైవరు:
ఇద్దరూ పెద్దవారు, నా మాట కూడా వినండి. నేను 16 ఏళ్లుగా జీతానికి ట్రాక్టరు నడుపుతున్నాను. ఒక యజమాని రాత్రి లింకును కాల్చి సరిచేసి, తెల్లవారి నాకు తాళం ఇచ్చారు, కాల్చిన సంగతి చెప్పలేదు. గట్టు దాటేటప్పుడు లింకు విరిగి, రోటావేటర్ ఒక పక్కకు ఊగి వెనుక టైరుకు కొట్టుకుంది. విరిగిన చోట సగం భాగం పాత తుప్పుతో నల్లగా, సగం భాగం కొత్తగా మెరుస్తూ ఉంది. ఆ వేళ గట్టు మీద విత్తనం మూటతో నా భార్య నడుస్తోంది. లింకు ఇంట్లో సరిచేశారా షాపులో సరిచేశారా అన్నది నాకు ముఖ్యం కాదు. దాని మీద కూర్చునేది ఎవరో మీలో ఒక్కరూ అడగలేదు.

కొలిమి వాకిలి:
నా ట్రాక్టరు నేనే నడుపుకుంటాను, నా ప్రాణం నా చేతిలో ఉంది. అందుకే ఆ ప్రశ్న నాకు తోచలేదు. జీతగాడు నడిపేదైతే అతనికి చెప్పి తీరాలి, ఒప్పుకుంటున్నాను.

వర్క్‌షాపు మాస్టారు:
చెబితే చాలదు. పని పోతుందనే భయంతో కాదనలేని మనిషికి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది, గోనె గురించి కాదు.

కొలిమి వాకిలి:
అలాగైతే కొత్త లింకు కొనలేని చిన్న రైతు ట్రాక్టరే పెట్టుకోకూడదంటారా? దీనికి నేను ఒప్పుకోను.

దమ్ము చక్రం:
ముందు కిరోసిన్ పరీక్ష చేయమనండి. లింకును శుభ్రంగా తోమి, కిరోసిన్ పూసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచి సుద్దపొడి చల్లితే, బీట ఉన్నచోట తడి గీత పైకి వస్తుంది.

ఎర్రనేల రైతు:
చేశాను. లింకు చివర పనిముట్టు పిన్ను దూరే, బంతి ఉండే కన్నుకు నాలుగు వేళ్ల దూరంలో వెంట్రుకంత తడి గీత సుద్దలో పైకి వచ్చింది. తుడిచి మళ్లీ చల్లినా అక్కడే వచ్చింది. మా ట్రాక్టరు నడిపేది మా చిన్నాన్న కొడుకు. వాడే పక్కన నిలబడి చూసి, ఏమీ అనకుండా లింకు విప్పడం మొదలుపెట్టాడు. పొరుగూరిలో మా బావగారికి ఇదే మోడలు ట్రాక్టరు ఉంది. ఆయన లింకును ఈ మూడు రోజులకు అడిగి తెచ్చుకున్నాము. కల్టివేటర్ కాళ్లను మాత్రం వేడి లేకుండా జాకీతో మెల్లగా సరిచేశాను, వాటికీ కిరోసిన్ పూసి చూశాను, గీత రాలేదు. తెల్లవారుజామున విత్తనం వేస్తున్నాము.