మా నాన్నకు సింగపూర్‌లో నడవడానికి ఒక దారి చెప్పండి

'పన్నెండో అంతస్తు' అనే పేరుతో ఒకరు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు ధవళేశ్వరం నుంచి మా దగ్గరకు వచ్చి పదకొండు రోజులైంది. ఇంకా రెండున్నర నెలలు ఉంటారు. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. వయసు 68. అక్కడ రోజూ చీకటితో లేచి కాలువగట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచి, పాలప్యాకెట్లు పట్టుకుని ఇంటికి వచ్చే మనిషి. ఇక్కడ అంగ్ మో కియోలో మా ఇల్లు పన్నెండో అంతస్తులో ఉంది. పొద్దున్నే లేచి వంటింటి కిటికీ దగ్గర నిలబడి కింద పోయే బస్సులు లెక్కపెడుతున్నారు.

రెండు శనివారాలు వాళ్లను పేరున్న చోట్లకు తిప్పాను. ఎలా ఉంది నాన్నా అంటే "బాగుంది" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు. మూడోసారి అడిగితే, "ఇదంతా కుండీల్లో పెంచినట్టుందిరా. అసలైన అడవీ, నీరూ ఏమీ లేవా ఈ ఊళ్లో?" అన్నారు.

ఆయన తేలిగ్గా ఆరు కిలోమీటర్లు నడుస్తారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రెండు కిలోమీటర్లే ఎక్కువ. నేను ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్లిపోతాను కాబట్టి మామూలు రోజుల్లో ఆయన ఒక్కరే వెళ్లి రాగలిగే చోటు కావాలి. శనాదివారాల్లో అందరం వెళ్లేవి కూడా చెప్పండి. ఇక్కడి వానకూ కోతులకూ భయపడాలా?

చెమట చొక్కా:

బుకిట్ తిమా కొండకు తీసుకెళ్లండి. సింగపూర్‌లో సహజమైన కొండల్లో అన్నిటికంటే ఎత్తయినది. ఎత్తు 163 మీటర్లే, నవ్వకండి, ఎక్కాక మాట్లాడుకుందాం. చుట్టూ అసలైన వర్షారణ్యం. 1854లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఇక్కడే మకాం పెట్టి పురుగులు పట్టుకున్నాడు. ఆ తరువాత మెక్‌రిచీ అడవిలో వేలాడే వంతెన. రెండు గుట్టల మధ్య 250 మీటర్ల పొడవు, చెట్ల తలల మీద నడుస్తున్నట్టు ఉంటుంది. సోమవారం మూసేస్తారు. మొత్తం చుట్టి వస్తే పది కిలోమీటర్లు దాటుతుంది. ఆరు నడిచే మనిషికి పది లెక్కా?

పాత కాపురం:

చెమట చొక్కా గారూ, ఆరు నడిచే మనిషికి పది లెక్కే. ఆ ఆరూ కాలువగట్టు మీదవి, ఈ పదీ మెట్లూ వేళ్లూ ఉన్న అడవిలోవి. పైగా బుకిట్ తిమా దారి ఎక్కడానికి కాదు, దిగడానికి కష్టం. ఆ నిటారు సిమెంటు రోడ్డు దిగేటప్పుడు నా మోకాళ్లే నన్ను తిట్టాయి. అమ్మగారిని అక్కడికి తీసుకెళ్లవద్దు.

పన్నెండో అంతస్తు బాబూ, నేను ఈ ఊళ్లో పందొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మా మామగారు వచ్చినప్పుడు మేమూ నీలాగే వారానికి రెండు వింతలు చూపించాం. ఇరవై రోజులకే టిక్కెట్టు మార్పించుకుని తణుకు వెళ్లిపోయారు. తరువాత తెలిసింది, ఆయనకు చూడవలసిన చోట్లు అక్కర్లేదు, ఎవరినీ అడగకుండా చెప్పులు వేసుకుని బయటికి పోగలిగే దారి ఒకటి కావాలి. మీ నాన్నగారికీ అదే కావాలి. నీ అదృష్టం, అది మీ ఇంటి కిందే ఉంది.

బిషాన్-అంగ్ మో కియో పార్కు మీకు పక్కనే. పార్కు అంటే మళ్లీ కుండీలు అనుకుంటారు, కనుక ముందు ఈ కథ చెప్పి తీసుకెళ్లు. దాని మధ్య పారేది కల్లాంగ్ నది. పూర్వం అది తిన్నగా పోయే 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువ. మా మామగారు చూసింది దాన్నే. "మురుగు కాలువ పక్కన నడవమంటావా అమ్మా" అన్నారు, అనరా మరి. ఆ కాంక్రీటు పగలగొట్టి, నీటిని వంకరలు తిప్పి, 2012 నాటికి 3.2 కిలోమీటర్ల వాగుగా మార్చారు. గట్లు జారకుండా రాళ్లూ మొక్కల వేళ్లే పట్టుకునేటట్టు కట్టారు. గట్టుకు వేసే రాతి కట్టుబడి, అదే రివిట్‌మెంటు, చూస్తూ బతికిన మనిషి ఇది చూసి ఊరుకుంటారా! నాకు తెలిసి రెండు రోజులు నిన్ను ప్రశ్నలతో చంపుతారు.

అక్కడ నీటికుక్కలు కుటుంబంతో సహా ఈదుతుంటాయి. ఉడుములుంటాయి. మన ఉడుము కాదు, మనిషంత పొడుగు. మొదటిసారి చూసినప్పుడు మొసలి అనుకుని నేను బెంచీ ఎక్కాను. అది మనల్ని పట్టించుకోదు, దాని దారికి అడ్డం పోకపోతే చాలు.

ఇప్పుడు అసలు సలహా. ఆయన్ను ఆ నది మొదలు నుంచి చివర వరకు ముక్కలు ముక్కలుగా నడిపించు. మొత్తం పది కిలోమీటర్లే, మన గోదావరి ముందు పిల్లకాలువ. కానీ ఈ దేశంలో ఇదే పొడవైన నది. ఎగువన లోయర్ పియర్స్ జలాశయం నుంచి వస్తుంది. దాని ఒడ్డున అడవిలో చెక్కల నడకదారి ఉంది, చిన్నదే, అమ్మగారు కూడా నడవగలరు. అక్కడి నుంచి మీ పార్కు. పార్కు దిగువన కల్లాంగ్ వరకు నది పక్కనే నడకదారి పోతుంది, మధ్యలో పెద్ద రోడ్లు వస్తాయి కాబట్టి ఆ ముక్కలకు తోడు వెళ్లు. చివరన మరీనా బరాజు. సముద్రపు నీరు లోపలికి రాకుండా 2008లో కట్టారు. ధవళేశ్వరంలో 175 గేట్లు చూసిన కళ్లకు ఇక్కడి తొమ్మిది ఆనతాయా అనుకోవద్దు, చూపించు.

ఇక జాగ్రత్తలు. ఇక్కడ ఏడాది పొడవునా సూర్యుడు లేచేది ఇంచుమించు ఏడింటికి. మన దేశంలో అప్పుడు నాలుగున్నర. అంటే ఆయన పాత అలవాటు ప్రకారం లేచినా ఇక్కడ సరిగ్గా తెల్లవారుతుంది, గడియారం మార్చమని పోరవద్దు. తొమ్మిదిన్నర కల్లా ఇంట్లో ఉండాలి. ఎండ కంటే ఉక్క దెబ్బ తీస్తుంది, చెమట ఆరదు. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి.

వాన సంగతి: తడిస్తే పరవాలేదు, పిడుగుకు భయపడాలి. ఈ ఊళ్లో ఏడాదిలో దగ్గర దగ్గర సగం రోజులు ఉరుములే. ఉరిమితే చెట్టు కిందకు కాదు, కప్పున్న చోటికి వెళ్లమని చెప్పు. ఎగువన వాన పడితే పార్కులో నీరు చూస్తుండగానే పెరుగుతుంది. అందుకు సైరనూ దీపాలూ పెట్టారు. మోగితే మెట్లెక్కి పైకి వచ్చేయాలి.

కోతులకు భయపడవద్దు కానీ ప్లాస్టిక్ సంచీ పట్టుకుని అడవి దారుల్లోకి పోవద్దు. సంచీ చప్పుడు వాటికి భోజనం గంట. మెక్‌రిచీలో నా అరకిలో జంతికలు చేతిలోంచి లాక్కుని, నా ఎదురుగానే కరకరలాడించుకుని తిన్నది ఒక పెద్ద కోతి. జాలిపడి నువ్వు పెట్టినా నేరమే, జరిమానా గట్టిగా ఉంటుంది.

ఇంకొక్కటి, అమ్మగారికి ముందే చెప్పు: పార్కులో పూలు కోయకూడదు. పూజకైనా సరే. మా అత్తగారు గన్నేరు చెట్టు కింద కొంగు పట్టుకుని నిలబడితే నాకు గుండె ఆగినంత పనైంది. రాలిన వాటిని చూసి దండం పెట్టుకోమనండి.

రాయవరం మాస్టారు:

బాబూ, నేను నీ తండ్రి జట్టువాడిని. మా అమ్మాయి దగ్గరకు మూడోసారి వచ్చాను. పాత కాపురం గారు చెప్పిందంతా నిజం, కానీ దారి తప్పే సంగతి చెప్పలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఒకరోజు పొద్దున్న నడకకు వెళ్లి, తిరిగి వస్తుంటే అన్ని భవనాలూ ఒక్కలాగే కనిపించాయి. ఫోనులో చార్జి లేదు. ఇంటి నంబరు గుర్తుంది కానీ అది తలుపు నంబరు, భవనం నంబరు కాదు! గంటన్నర తిరిగాను. చివరకు ఒక చీనా ముసలాయన సైగలతో బస్సు స్టాపు వరకు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

ఇక్కడ ప్రతి భవనం గోడ మీదా పెద్ద అంకె ఉంటుంది. ప్రతి బస్సు స్టాపుకూ ఐదంకెల నంబరు ఉంటుంది. ఆ రెండూ ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టు. ఫోనులో కాదు, కాగితం మీద.

వారం రోజులు నువ్వు పక్కన నడవకు, వెనకాల నడు. ముందు ఆయన్ను పోనీ. మా అల్లుడు పక్కన నడుస్తూ అన్నీ తానే చూపిస్తుంటే నాకు ఒక్క మలుపూ గుర్తుండలేదు.

మడచెట్ల మధ్య:

మాది కాకినాడ దగ్గర తాళ్లరేవు. కోరింగ మడ అడవి ఎరిగిన వాళ్లెవరు వచ్చినా నేను సుంగై బులోకే తీసుకెళ్తాను. ఊరికి ఉత్తరపు కొసన ఉంది, క్రాంజి స్టేషనులో దిగి బస్సు పట్టుకోవాలి. అదే ఊపిరి వేళ్లు, అదే బురద వాసన, బురదలో గెంతే అవే చేపలు. ఇక్కడ ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి చెక్కల దారి దిగకూడదు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా వలస పక్షులు వస్తాయి. పోటు, పాటు చూసుకుని వెళ్లండి. పాటు సమయంలో బురద తేలితేనే పక్షులు దిగి మేస్తాయి. ఇది మీ నాన్నగారికి మీరు చెప్పనవసరం లేదు.

చెమట చొక్కా:

పాత కాపురం గారూ, ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. కానీ దిగే కష్టం లేకుండా కొండగాలి కావాలంటే మౌంట్ ఫేబర్ నుంచి హెండర్సన్ వేవ్స్ వంతెన మీదుగా వెళ్లవచ్చు. రోడ్డుకు 36 మీటర్ల ఎత్తున, అలలాగా వంపులు తిరిగిన చెక్క వంతెన. దాని తరువాత వచ్చే ఇనుప జాలీ దారి మీద కాళ్ల కింద అడవి కనిపిస్తుంది. అమ్మగారికి కళ్లు తిరుగుతాయంటే వంతెన దగ్గరే ఆగి వెనక్కి వచ్చేయండి. ఇందులో తప్పు లేదు కదా?

పాత కాపురం:

లేదు. ఇది మంచి సలహా.

పన్నెండో అంతస్తు:

ఐదు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను, క్షమించండి.

మాస్టారు గారు చెప్పినట్టే వారం రోజులు వెనకాల నడిచాను. నాలుగో రోజు నాన్న వెనక్కి తిరిగి, "సీఐడీ లాగా ఎందుకురా, ఇంటికి పో" అన్నారు. అప్పటి నుంచి ఒక్కరే వెళ్తున్నారు. చీటీ జేబులో ఉంటోంది, ఇంతవరకు అవసరం రాలేదు.

పార్కులో మొదటి రోజు నడవనే లేదు. గట్టు మీద కూర్చుని రాళ్లు చూశారు. రెండో వారంలో ఒక పెద్ద వాన తరువాత వెళ్లి, నిన్న జనం పరుగులు తీసిన గడ్డి మీద బురద గీత ఎక్కడి దాకా వచ్చిందో అడుగులతో కొలిచారు. ఇంటికొచ్చి, "ఇది పార్కు కాదురా, లంక. వరద వచ్చినప్పుడు నదిది, తగ్గాక మనది" అన్నారు. సైరను ఏ మట్టం దగ్గర మోగుతుందో నన్ను అడిగారు. నాకు తెలియదంటే, "ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక అని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు, నువ్వు ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నావు" అని తిట్టారు. వచ్చిన తరువాత మొదటిసారి తిట్టారు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది.

బరాజు దగ్గర నాన్న గేట్లు లెక్కపెట్టి, "తొమ్మిదేనా" అన్నారు నిజంగానే. కానీ లోపల బొమ్మల్లో పని తీరు చదివాక మాట మారింది. పాటు వేళ గేట్లు తెరిచి వాన నీరు వదులుతారు. పోటు వేళ గేట్లు తీస్తే సముద్రం లోపలికి వస్తుంది కాబట్టి ఏడు పంపులతో తోడి పోస్తారు, ఒక్కోటి సెకనుకు 40 ఘనపు మీటర్లు. నాన్న వేళ్ల మీద దాన్ని క్యూసెక్కుల్లోకి మార్చి, "మొత్తం పదివేల లోపే" అని, గోదావరి వరదతో పోల్చి కాసేపు నవ్వుకున్నారు. తరువాత, "ఈ ఊరికి చాలులే" అన్నారు. పైన గడ్డి కప్పు మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటే అమ్మ అక్కడే కూర్చుండిపోయింది. సుంగై బులో కూడా వెళ్లాం. మొసలి కనిపించలేదు, ఊపిరి వేళ్లు చూసి నాన్న ఏమీ మాట్లాడలేదు, చాలాసేపు నిలబడ్డారు.

కింద నుంచి పైకి వచ్చాం కనుక లోయర్ పియర్స్ మిగిలిపోయింది. "తోక పట్టుకుని తిరుగుతున్నాం, తల చూడలేదు" అని రోజూ గుర్తుచేస్తున్నారు. ఈ ఆదివారం వెళ్దామనుకుంటున్నాం. అమ్మ కూడా వస్తానంటోంది. అక్కడ కూర్చోవడానికి చోటు ఉంటుందా?

పాత కాపురం:

ఉంటుంది బాబూ, ఒడ్డున పార్కులో కావలసినంత. ఏడున్నరకే చేరుకోండి, ఎనిమిది దాటితే కోతులు కూడా అదే దారికి నడకకు వస్తాయి. పులిహోర చేస్తే స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను గుడ్డ సంచీలో పెట్టి, సంచీని నీ వీపున తగిలించుకో. ఆ జలాశయానికి మొదట పెట్టిన పేరు కల్లాంగ్ నది జలాశయమే అని నాన్నగారికి చెప్పు. తల దొరికిందంటారు.