పుట్టినప్పుడు తక్కువ బరువున్న పాప ఇప్పుడు లావెక్కడం జన్యువుల వల్లనా?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక తల్లి):
మా పాప రెండున్నర కిలోలతో పుట్టింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు, అన్నం తిన్న గంటకే సర్వపిండి ముక్క కోసం వంటింట్లోకి వస్తుంది, బరువూ పెరుగుతోంది. మా అత్తగారి వైపు అందరూ లావే. వంశపారంపర్యమైతే పుట్టినప్పుడే కనబడాలి కదా?

జవాబు (వరంగల్, జీవశాస్త్ర అధ్యాపకుడు):
కనబడనక్కర లేదమ్మా. పుట్టుక బరువు చాలావరకు తల్లి ఆరోగ్యం, గర్భంలో అందిన పోషణ, నెలలు నిండడం మీద ఆధారపడుతుంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో బరువు పెరిగే స్వభావాన్ని సూచించే లక్షలాది జన్యు తేడాలను కలిపి స్కోరు కట్టి, అత్యధిక స్కోరున్న పదోవంతు బ్రిటన్ పిల్లలను అత్యల్ప స్కోరున్న పదోవంతుతో పోల్చగా, పుట్టినప్పుడు సుమారు 60 గ్రాములే ఉన్న తేడా 18 ఏళ్లకు 12 కిలోలు దాటింది.

జవాబు (కరీంనగర్):
2007లో వెలుగులోకి వచ్చిన ఎఫ్‌టీఓ జన్యువు సంగతి ఇంకా ఆసక్తికరం. దానిలోని ఒక రూపం ఉన్నవారి శరీర ద్రవ్యరాశి సూచీ (బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) శైశవంలో కాస్త తక్కువగా, ఐదారేళ్లు దాటాక ఎక్కువగా ఉంటుంది. కడుపు నిండిన భావన అలాంటి పిల్లలకు ఆలస్యంగా కలుగుతుంది కనుక, దయచేసి పాపను తిండిపోతు అని మందలించకండి.

జవాబు (వరంగల్ అధ్యాపకుడే):
ఒక్క మాట చేర్చాలి. శారీరక శ్రమ చేసే పెద్దవారిలో ఈ జన్యురూపం వల్ల కలిగే స్థూలకాయ ప్రమాదం పావువంతుకు పైగా తగ్గినట్లు తేలింది. పాప ఎత్తు, బరువు రెండూ పిల్లల డాక్టరుకు చూపించి, ఎదుగుదల పటంలో గుర్తింపజేయండి.