ఒకే మందుకి ఇన్ని పేర్లేంటండీ? నాన్నగారి బిళ్ళల డబ్బా చూసి బుర్ర తిరిగిపోయింది

రాజోలు అమ్మాయి:

నమస్కారమండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మానాన్నలు అక్కడ, నేను రాజమండ్రిలో. నాన్నగారికి 71 ఏళ్ళు. అమలాపురంలో ఒక డాక్టరుగారు రాసిన బీపీ బిళ్ళ ఆరేళ్ళుగా వేసుకుంటున్నారు. మొన్న కార్తీక మాసంలో ఆయాసంగా ఉందంటే రాజమండ్రి రప్పించి గుండె డాక్టరుకి చూపించాను. ఆయన కొత్త చీటీ రాశారు. మందులు కొని సంచిలో పెట్టి, "రోజూ వేసుకోండి నాన్నా" అని చెప్పి బస్సెక్కించాను. పాతది మానేయాలా వద్దా అని డాక్టరుగారిని అడగలేదు. అడుగుదామన్నా పాత చీటీ చేతిలో లేదు, అమ్మ దాన్ని దేవుడి గూట్లో పంచాంగం కింద దాచింది. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

పంతొమ్మిది రోజులు రెండూ వేసుకున్నారు. ఆయన లెక్కలో పాతది బీపీకి, కొత్తది గుండెకి. ఇరవయ్యో రోజు పొద్దున్న కాలవ రేవులో కాళ్ళు కడుక్కుని మెట్లెక్కబోతుంటే కళ్ళు బైర్లు కమ్మి కూలబడిపోయారట. కొబ్బరికాయలు దింపే అతను అటుగా వస్తూ చూసి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆరెంపీగారు వచ్చి చూస్తే బీపీ 90/60.

నేను పరుగున వెళ్ళి మందుల డబ్బా మంచం మీద బోర్లించాను. పాత బిస్కెట్ల రేకు డబ్బా అది. ఒక్కో షీటూ తిప్పి, ఫోన్ టార్చి వేసి చదివాను. పాతదాని మీద ఎర్ర రంగులో ఒక పేరు, కొత్తదాని మీద నీలం రంగులో ఇంకో పేరు. రెండింటికీ మొదటి అక్షరం కూడా కలవదు. కానీ దాని పైన నల్లగా రాసింది చదివితే, పాతదాంట్లో టెల్మిసార్టన్ 40. కొత్తదాంట్లో టెల్మిసార్టన్ 40, దాంతో పాటు ఆమ్లోడిపిన్ 5. అంటే మా నాన్న ఒకే మందు రోజుకి రెండుసార్లు మింగారు, పైన ఇంకో బీపీ మందు కూడా! డాక్టరుగారికి ఫోన్ చేస్తే పాతది ఆపమన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, నిన్న 128/80.

అసలు నా ప్రశ్న ఇది. అదే డబ్బాలో మా తమ్ముడు డాలస్ నుంచి పంపిన పెద్ద సీసా ఉంది. అసిటమినోఫెన్ 500 అని ఉంది. మోకాళ్ళ నొప్పికి రెండేసి చొప్పున మూడు పూటలా వేసుకుంటారు. అది కాక ఒళ్ళు వెచ్చబడితే 650 జ్వరం బిళ్ళ. ఈ రెండూ కలిపి వేసుకోవచ్చా? మీరంతా ఇవి ఎలా గుర్తుపడతారు? ఒక మందుకి ఒక పేరు పెట్టి ఊరుకుంటే వీళ్ళ సొమ్మేం పోయింది?

తణుకు మందులకొట్టు:

అమ్మా, ముందు ఆ అమెరికా సీసా తీసి పక్కన పెట్టు, మిగతాది తర్వాత చదువుదువుగాని. అసిటమినోఫెన్ అన్నా పారాసెటమాల్ అన్నా ఒకటే మందు. మనం వాడే డోలో, క్రోసిన్, కాల్పాల్ అన్నీ అదే. లెక్క చూడు. సీసాలోవి రెండేసి మూడు పూటలంటే 3000 మి.గ్రా. జ్వరం వచ్చిన రోజు 650 మూడు వేసుకుంటే ఇంకో 1950. మొత్తం 4950. పెద్దవాళ్ళకి రోజంతా కలిపి 4000 దాటకూడదు. వయసు పైబడినవాళ్ళకి, సాయంత్రం చుక్క వేసుకునేవాళ్ళకి అంత కూడా ఎక్కువే. దెబ్బ లివరు మీద పడుతుంది, అదీ చప్పుడు లేకుండా. ఇంతకు ముందు అలా వేసుకుని ఉంటే డాక్టరుగారికి ఆ మాట తప్పకుండా చెప్పు.

ఇంకోటి. ఒళ్ళునొప్పులకని ఆరెంపీ దగ్గర తెచ్చుకునే బిళ్ళల్లో చాలావాటిలో పారాసెటమాల్ 325 కలిసే ఉంటుంది. జలుబు బిళ్ళల్లోనూ అంతే. డబ్బా మళ్ళీ ఒకసారి బోర్లించి చూడు.

నేను 31 ఏళ్ళు కౌంటరు వెనకాల నిలబడ్డాను. జనం మందు పేరు అడగరు తల్లీ. "ఎర్ర బిళ్ళ", "రెండు రంగుల గొట్టం", "మొన్న మా ఆవిడ తీసుకెళ్ళింది చూడు, అది". పేరు గుర్తున్నవాళ్ళకి గుర్తుండేది కంపెనీ పెట్టిన పేరు. మనవైపు మనిషి రేషన్ కార్డులో సత్యనారాయణ అయితే ఇంట్లో బుల్లబ్బాయి, అత్తారింట్లో చిన్నల్లుడుగారు. మందూ అంతే. ఒక్క మందుని యాభై కంపెనీలు చేస్తే యాభై ముద్దుపేర్లు. డాక్టరు చీటీ మీద ముద్దుపేరే రాస్తాడు, మేం దాన్నే వెతికి ఇస్తాం. ఆ పేరుది లేకపోతే "ఇదీ అదేనండీ" అని ఇంకోటి ఇస్తాం. ఇంటికెళ్ళాక పాతదీ కొత్తదీ రెండూ మింగేవాళ్ళని నేను ఎంతమందిని చూశానో.

అసలు పేరు కంపెనీ పేరుకన్నా రెండు సైజులు పెద్దగా వేయాలని 2018లో రూలు వచ్చింది. వేస్తున్నారు కూడా. కానీ కంపెనీ పేరుకి రంగు పూస్తారు, కన్ను అటే పోతుంది. పైగా మనవాళ్ళు నాలుగు బిళ్ళలే కావాలంటే మేం కత్తెరతో కోసి ఇస్తాం. పేరు సగం కోతలో పోతుంది, మిగిలేది "...సార్టన్" అని తోక ఒక్కటే. అందుకే వాడేది రోజూ మందైతే పూర్తి షీటే కొనండి.

ఆ తోకలే మాకు ఆధారం. సార్టన్ అని ముగిస్తే ఒక రకం బీపీ మందు. ఓలాల్ అయితే ఇంకో రకం. స్టాటిన్ అంటే కొలెస్ట్రాల్‌కి, ప్రజోల్ అంటే గ్యాసుకి. ఒక డబ్బాలో ఒకే తోక రెండుసార్లు కనిపిస్తే డాక్టరుని అడగాల్సిందే. కంపెనీ పేరు చివర హెచ్, ఏఎం అంటూ తగిలించినా మందు మారిపోయినట్టే. బీపీ మందులకైతే లోపల ఇంకో మందు కలిపారని అర్థం. "అదే కదా, అక్షరం తేడా" అనుకోకూడదు.

జనౌషధి షాపులో కొంటే కంపెనీ ముద్దుపేరు ఉండదు, అసలు పేరే ఉంటుంది. చవక కూడా. అయితే జనం దాన్ని చూసి "ఇది అది కాదులే" అని పాతది కూడా కొనుక్కుంటారు. ఇక ఏం చెప్పను.

ఉండి రైతు:

మందుల షాపే నయమండి. పురుగుమందుల కొట్టుకి రండి, తెలుస్తుంది.

దాళ్వాలో, అదే రెండో పంటకి, మా వరి చేలో సుడిదోమ పడింది, రసం పీల్చే పురుగండి. డీలరు ఒక ద్రావకం ఇచ్చాడు, దాని మీద 17.8 ఎస్‌ఎల్ అని ఉంది. కొట్టాం. దోమ చావలేదు. పక్కూరి కొట్టుకి వెళితే అతను ఒక గుళిక పొడి పొట్లం ఇచ్చి "ఇది స్ట్రాంగండి, 70" అన్నాడు. డబ్ల్యూజీ అని రాసుంది. పేరు వేరు, రంగు వేరు, నంబరు వేరు, రేటు మాత్రం బాగా వేరు. అదీ కొట్టాం. వారానికి చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోయింది. అప్పుడు మా అబ్బాయి రెండు ప్యాకెట్ల మీదా చిన్న అక్షరాలు చదివి, "నాన్నా, రెండూ ఇమిడాక్లోప్రిడే" అన్నాడు. 17.8 అంటే ఆ ద్రావకంలో మందు ఎంత శాతమో అది, 70 అంటే ఈ పొడిలో ఎంతో అది. రెండోది తక్కువ వేసుకోవాలంతే, మందొకటే. దోమకి అప్పటికే అలవాటైపోయిన మందుని రెండుసార్లు కొన్నాను నేను. తర్వాత పైమెట్రోజిన్ అనే వేరే మందు కొడితే ఆగింది, అప్పటికి ఎకరానికి ఎన్ని బస్తాలు పోవాలో అన్నీ పోయాయి.

ఇప్పుడు కొట్టులో ముందు "టెక్నికల్ పేరు చెప్పు" అంటాను, అంటే లోపలున్న అసలు మందు పేరు. డీలరుకి నేనంటే చిరాకు. ప్యాకెట్ మీద డైమండ్ గుర్తు రంగు కూడా చూస్తాను. ఎరుపైతే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆఖరున ఆకుపచ్చ. కంపెనీ పేరు మారినా ఆ రంగు మనకి అబద్ధం చెప్పదు.

అంబాజీపేట పచారీ:

మా దగ్గర తిరకాసు తిరగబడి ఉంటుంది. మందుల షాపులో ఒకదానికి పది పేర్లు, మా కొట్టులో ఒక పేరుకి మూడు సరుకులు.

సోడా అంటే ఏ సోడా? తినే సోడా ఒకటి, చాకలి సోడా ఒకటి, కాస్టిక్ సోడా ఒకటి. మూడోది చేతి మీద పడితే చర్మం ఊడొస్తుంది. ఒక పెద్దావిడ శనగలు ఉడకబెట్టడానికి సోడా ఇమ్మంటే, కొత్తగా చేరిన కుర్రాడు చాకలి సోడా పొట్లం కట్టేశాడు. కాటాలో ఉండగా చూశాను కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి కాస్టిక్ అమ్మడం మానేశాను, ఆ లాభం నాకొద్దు.

పది పేర్ల గొడవ కూడా లేకపోలేదు. కొబ్బరి రైతులు మొవ్వు కుళ్ళుకి వచ్చి మైలుతుత్తం అడుగుతారు. వాళ్ళ అబ్బాయిలు ఫోన్ చూపించి కాపర్ సల్ఫేట్ అంటారు. చెరువులవాళ్ళు వచ్చి "నాచుకి వేసే నీలం రాళ్ళు" అంటారు. ముగ్గురికీ ఒకే బస్తాలోంచి తీసిస్తాను. ఒకాయన మైలుతుత్తం కిలో తీసుకెళ్ళి, మర్నాడు కొడుకుతో కాపర్ సల్ఫేట్ ఇంకో కిలో తెప్పించాడు, ఆ కుళ్ళుకి వాడే బోర్డో మిశ్రమానికి రెండూ కావాలనుకుని. కిలో తుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు, అంతే. కలిపాక మెరిసే ఇనుప కత్తి ముంచి తియ్యండి. కత్తికి ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాల్లేదని. ఆయన రెండు కిలోలూ కలిపి ఉంటే కత్తి కాదు, మొవ్వే ఎర్రబడేది.

వెలిగారం అడిగితే బోరాక్స్, సూరేకారం అంటే పొటాషియం నైట్రేట్, అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఈ పాత పేర్లు తెలిసిన గిరాకీ ఏటేటా తగ్గిపోతోంది. మా మనవడికి నేర్పుతున్నాను గాని వాడికి క్రికెట్టే.

నైట్ డ్యూటీ:

అక్కా, నేను టెక్సస్‌లో నర్సుని, పుట్టిల్లు కాకినాడ. మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఉబ్బసం ఇన్‌హేలర్ అయిపోయింది. ఖాళీది పట్టుకుని మా ఆయన ఫార్మసీకి వెళితే, సాల్బ్యుటమాల్ అని మా సిస్టంలో లేదన్నారు. ఆయన కంగారుగా నాకు ఫోను. ఇక్కడ దాన్ని ఆల్బ్యుటరాల్ అంటారని నేను చెబితే గాని పని జరగలేదు, అదీ ఇక్కడి డాక్టరు చీటీ రాయించుకున్నాకే. మన అడ్రినలిన్ ఇక్కడ ఎపినెఫ్రిన్. షుగరు బిళ్ళ గ్లిబెన్‌క్లమైడ్ ఇక్కడ గ్లైబ్యురైడ్. అమ్మానాన్నలని ఇక్కడికి పంపేటప్పుడు చీటీ మీద కంపెనీ పేరు ఒక్కటీ ఉంటే చాలదు, మందు పేరు రాయించండి, పక్కనే ఇక్కడి పేరు కూడా. తమ్ముణ్ణి మాత్రం సీసాలు పంపొద్దనండి. ఇక్కడ వంద బిళ్ళలు ఒకే సీసాలో వస్తాయి, సీసా నిండుగా కనిపిస్తుంటే మన పెద్దవాళ్ళు పొదుపుగా వాడతారనుకోవడం మన భ్రమ.

కెమిస్ట్రీ మాస్టారు:

ఒక్క పేరు పెట్టలేదని అమ్మాయి అడిగింది కదా. పెట్టారమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో ఆ పని మొదలుపెట్టి, 1953లో మొదటి జాబితా విడుదల చేసింది. తణుకు మిత్రులు చెప్పిన తోకలు ఆ పద్ధతిలోవే. అమెరికా వాళ్ళు కొన్నిటికి సొంత పేర్లే ఉంచుకున్నారు.

తమాషా ఏమిటంటే పారాసెటమాల్, అసిటమినోఫెన్ రెండూ ఒక పొడుగాటి రసాయన పేరుని రెండు చోట్ల కత్తిరించగా వచ్చినవి. పారా అసిటైల్ అమైనో ఫినాల్. ముందూ వెనకా తుంచి అతికిస్తే ఒకటి, మధ్యలోవి ఏరుకుంటే ఇంకోటి. క్లాసులో బోర్డు మీద గీసి చూపిస్తే పిల్లలు నవ్వేవారు. రసాయనాలకైతే పేరు గొడవ లేకుండా ఒక్కోదానికి నంబరుంది. పారాసెటమాల్‌ది 103-90-2, నీలం మైలుతుత్తానిది 7758-99-8. అదే తుత్తాన్ని వేడిచేసి నీరంతా పోగొడితే తెల్ల పొడి అవుతుంది, దానికి వేరే నంబరు, 7758-98-7. పచారీ వారికి ఇది అక్కర్లేదు లెండి, ఆయన కంటికే తెలిసిపోతుంది.

రాజోలు అమ్మాయి:

అందరికీ దండాలండీ. తణుకు బాబాయ్‌గారూ, మీరు చెప్పినట్టే డబ్బా మళ్ళీ బోర్లించాను. నొప్పుల బిళ్ళలో నిజంగానే పారాసెటమాల్ 325 ఉంది! అంటే ముచ్చటగా మూడు చోట్ల. సీసా నాతో రాజమండ్రి తెచ్చేశాను. డాక్టరుగారికి అంతా చెప్పాను, లివరు పరీక్ష రాశారు, రిపోర్టు నార్మలే వచ్చింది. తమ్ముడు కాస్త అలిగాడు.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, పేజీకి ఒక మందు చొప్పున అసలు పేరు తెలుగులో పెద్దగా రాశాను. కింద షీటు ముక్క కత్తిరించి అంటించాను, పూటలు రాశాను. పాత చీటీ కూడా దేవుడి గూట్లోంచి తీసి దాంట్లోనే కుట్టేశాను. నాన్నగారు టెల్మిసార్టన్ పలకలేక రెండు రోజులు అవస్థ పడి, ఇప్పుడు "తెలిమి సారు" అంటున్నారు. అమ్మ రోజూ పొద్దున్న "సారుని వేసుకున్నారా?" అని అడుగుతోంది.

మొన్న పక్కింటి మామ్మగారు తన బిళ్ళల సంచి పట్టుకొచ్చారట. నాన్నగారు భూతద్దం పెట్టుకుని అరుగు మీద కూర్చుని చదివి, "వదినా, నీకు ప్రజోల్ రెండున్నాయి, పాలకొల్లు డాక్టరుకి ఫోన్ చెయ్యి" అన్నారట. ఆవిడ చేశారు. ఒకటి ఆపమన్నారట.