ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ప్రెజర్ పడిపోతోంది, ముందు ఏది విప్పాలి?

మాది పాత పికప్ ట్రక్కు, వీ8 పెట్రోల్ ఇంజన్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ప్రెజర్ 45 పీఎస్ఐ దాకా బాగానే ఉంటుంది. బాగా వేడెక్కాక ఐడిల్‌లో ముల్లు 6 దగ్గరికి జారిపోయి ఎర్ర లైటు మిణుకుమంటోంది. 2000 ఆర్‌పీఎంకి తొక్కినా 18 దాటట్లేదు. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ చొప్పున ఉండాలన్న పాత లెక్కకి ఇది తక్కువే.

సెన్సర్ మీద అనుమానంతో దాన్ని తీసి, అదే రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి చూశాను. అదీ అంతే చూపించింది. ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉంది, గ్రేడ్ మాన్యువల్లో చెప్పిందే, డిప్‌స్టిక్‌కి పెట్రోల్ వాసన లేదు. పాత ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పితే మాత్రం వేలికి సన్నటి బూడిదరంగు మెరుపు అంటింది. అది బేరింగులు అరిగి రాలిన లోహపు పొడేమోనని నా భయం. కింద నుంచి టకటక శబ్దం ఇంకా రాలేదు.

చిక్కటి ఆయిల్ పోసి ముల్లును పైకి లేపమని కొందరన్నారు. నాకది నచ్చలేదు, అరుగుదల ఎక్కడుంటే అక్కడే ఉంటుంది కదా.

ఈ లక్షణాలకి బేరింగులే కారణమంటారా, లేక పికప్ ట్యూబ్ (పంపుకి ఆయిల్ పీల్చే గొట్టం) ఓ-రింగ్, పంపు రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెజర్‌ని వదిలేసేది) ముందు చూడాలా? ఇంజన్ దించకుండా, సంప్ (కింది ఆయిల్ తొట్టి) మాత్రమే విప్పి, క్రాంక్‌షాఫ్ట్‌ని మోసే మెయిన్ బేరింగుల గ్యాప్ ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పుని బట్టి గ్యాప్ చెప్పే సన్నటి ప్లాస్టిక్ దారం) కొలిచినవాళ్లు ఉంటే ఎలా చేశారో చెప్పండి. అప్పటిదాకా బండి తీయకుండా ఉంచడమే మంచిదా?